రీలుతోనా, సెన్సరుతోనా: ఫొటోగ్రఫీకి ఓనమాలు ఎక్కడ దిద్దాలి?

కెమెరా పట్టాలని ముచ్చటపడేవాళ్లు మొదట అడిగేది ‘ఏ కెమెరా కొనమంటారు?’ అనే. పాతికేళ్ల కిందట దీనికి జవాబు జేబును బట్టి ఉండేది. ఇప్పుడు అంతకంటే ముందు మరో ప్రశ్న వచ్చి నిలబడింది: రీలు కెమెరాతో మొదలుపెట్టాలా, డిజిటల్‌తోనా? కాలం చెల్లిందనుకున్న రీలు నిజంగానే తిరిగొచ్చింది మరి. 2012లో దివాలా రక్షణ కోరిన కోడక్, ఒకప్పుడు ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మ్‌ను 2018లో మళ్లీ తెచ్చింది. ఇల్‌ఫోర్డ్ ఫిల్ములు తయారుచేసే ఇంగ్లండు కంపెనీ హార్మన్ 2023లో ఫీనిక్స్ పేరుతో కొత్త రంగుల ఫిల్మ్ విడుదల చేసింది. పెంటాక్స్ 2024లో సరికొత్త ఫిల్మ్ కెమెరానే అమ్మకానికి పెట్టింది. మన దగ్గరా బీరువా పైఅరలో పడున్న తాతగారి యాషికాను కిందికి దించి ‘ఇది పనిచేస్తుందా?’ అని ఆరా తీసే కాలేజీ పిల్లలు కనిపిస్తున్నారు.

ఈ ప్రశ్న మీద వాదించేవాళ్లు మూడు పక్షాలు. రీలులో ఉండేవి 36 ఫొటోలే, ప్రతి నొక్కుకూ డబ్బు ఖర్చు, వెనక తెర ఉండదు కాబట్టి ఆలోచించి తీస్తారు, అదే అసలు చదువు అంటుంది మొదటి పక్షం. తీసిన మరుక్షణం ఫలితం కనిపిస్తుంది, వంద తప్పులు చేసినా పైసా పోదు, నేర్చుకోవడానికి ఇంతకు మించిన సాధనం ఏముంటుందని రెండోది అడుగుతుంది. ఫోను చేతిలో ఉండగా ఈ గొడవంతా ఎందుకని మూడోది తీసిపారేస్తుంది. ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది. కానీ ముగ్గురూ పరికరాల దగ్గరే ఆగిపోతున్నారు. నేర్చుకోవాల్సిన విషయం చూస్తే చాలా చిన్నది, చాలా పాతది కూడా. ఎంత వెలుగు ఉంది, దాన్ని ఎంత రంధ్రం గుండా, ఎంతసేపు, ఎంత చురుకైన ఉపరితలం మీద పడనివ్వాలి అన్నదే. 1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగేర్ ఫొటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించిన రోజు నుంచి ఇప్పటి దాకా ఈ లెక్క మారలేదు. అర్థం కావడానికి నాలుగు సాయంత్రాలు చాలు. చేతికి అలవాటు కావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

లెక్క ఇది. లెన్సులోని రంధ్రాన్ని ఎపర్చర్ అంటాం. దాని అంకెలు 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని నడుస్తాయి. మొదటిసారి చూసినవాళ్లకు ఇవి గందరగోళంగా ఉంటాయి, పైగా అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. కారణం మామూలుదే: లెన్సు ఫోకల్ దూరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె అది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు ఎఫ్ 2 అంటే రంధ్రం అడ్డకొలత 25 మిల్లీమీటర్లు, ఎఫ్ 4 అంటే పన్నెండున్నర. వరసలో ఒక్కో అంకె దాటితే వెలుగు సగమవుతుంది. షట్టరు వేగాలు, అంటే అది తెరిచి ఉండే సమయాలు, కూడా అలాగే సగం సగం తగ్గుతూ పోతాయి: సెకనులో 1/60 వంతు, 1/125, 1/250, 1/500. ఫిల్మ్ అయినా సెన్సరైనా దాని చురుకుదనాన్ని చెప్పే ఐఎస్‌ఓ అంకె 100 నుంచి 200, 400, 800 అంటూ రెట్టింపవుతుంది. ఈ సగం-రెట్టింపు అంగనే ఫొటోగ్రాఫర్లు స్టాప్ అంటారు. ఎఫ్ 16 దగ్గర 1/125 సరిపోయే చోట ఎఫ్ 8 దగ్గర 1/500 సరిపోతుంది, ఎఫ్ 4 దగ్గర 1/2000 సరిపోతుంది. మూడింట్లోనూ లోపల పడే వెలుగు ఒక్కటే.

దీన్ని కుళాయి, బిందెలతో పోల్చి చెప్పడం రివాజు. కుళాయి ఎంత తిప్పాం, ఎంతసేపు వదిలాం అనే పోలిక వెలుగు పరిమాణం వరకూ బాగానే పనిచేస్తుంది. అయితే అసలు సంగతిని అది దాచేస్తుంది. బిందె నిండాక నీళ్లు ఎలా నిండాయన్నది ఎవరికీ అక్కర్లేదు. ఫొటోకు అదే ముఖ్యం. ఎఫ్ 2 దగ్గర తీస్తే పెళ్లికూతురి కళ్లు స్పష్టంగా ఉండి వెనక పందిరంతా కరిగిపోతుంది. ఎఫ్ 11 దగ్గర తీస్తే వెనక వరసలో వక్క నములుతున్న పెద్దాయన కూడా బొమ్మలోకి వచ్చి కూర్చుంటాడు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లను 1/500 దగ్గర తీస్తే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోతుంది. స్టాండు వేసి 1/8 దగ్గర తీస్తే పూలు కదలకుండా నిలిచి, చీరలు రంగుల వలయమవుతాయి. ఒకే వెలుగుకు నాలుగైదు జవాబులు ఉంటాయి. వాటిలో ఏది కావాలో తేల్చుకునేది ఫొటో తీసేవాడే. కెమెరాను ఆటోలో వదిలేసినవాడు ఈ నిర్ణయాన్ని జపాన్‌లో కూర్చున్న ఏ ఇంజనీరుకో అప్పగించినట్టు.

ఇక వెలుగును కొలవడం. ఇక్కడ మన కన్ను మనల్నే మోసం చేస్తుంది. మధ్యాహ్నం ఎండలోంచి ట్యూబులైటు వెలిగే గదిలోకి వస్తే వెలుగు కొంచెం తగ్గిందనిపిస్తుంది. నిజానికి అది అయిదారు వందల రెట్లో, ఇంకా ఎక్కువో తగ్గి ఉంటుంది. కన్ను సర్దుకుపోతుంది, ఫిల్మ్ సర్దుకోదు. అందుకే మీటర్లు లేని రోజుల్లో ఫిల్మ్ డబ్బాతోపాటు బొమ్మల పట్టిక ఒకటి అచ్చువేసి ఇచ్చేవారు: నిండు ఎండకు ఇంత, పలచని మబ్బుకు ఇంత, నీడకు ఇంత అని. బరోడాలో తయారై మన ఊళ్లల్లో ఎందరికో మొదటి కెమెరా అయిన ఆగ్ఫా క్లిక్ 3 మీదైతే ఉన్నది ఎండ, మబ్బు అనే తేడా మాత్రమే. అయినా దాని రీలులోని పన్నెండు చదరపు ఫొటోలూ చక్కగానే వచ్చేవి. నిండు ఎండలో ఎఫ్ 16 పెట్టి, ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా ఉన్న షట్టరు వేగం పెడితే చాలన్నది ఆ పట్టిక సారం. ఐఎస్‌ఓ 100కి 1/125, 400కి 1/500. బ్యాటరీ అయిపోయినా, మీటరు చెడిపోయినా ఈ సూత్రం చెడదు.

మీటరు ఉన్నా దాన్ని గుడ్డిగా నమ్మకూడదనడానికి మన పొలాల్లో ఎక్కడైనా కనిపించే దృశ్యం ఒకటి చాలు: నల్లటి గేదె, దాని వీపు మీద తెల్లటి కొంగ, పైన మిట్టమధ్యాహ్నపు ఎండ. కెమెరాలోని మీటరు వస్తువు మీంచి తిరిగొచ్చే వెలుగును కొలుస్తుంది. దానికి గేదె తెలియదు, కొంగ తెలియదు. చూసిందంతా సుమారు 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిదరంగే అనుకుంటుంది. ఫ్రేము నిండా గేదె ఉంటే ‘చాలా చీకటిగా ఉంది’ అనుకుని వెలుగు పెంచేస్తుంది. గేదె బూడిద పూసుకున్నట్టు తేలిపోతుంది, కొంగ ఈక ఒక్కటీ లేని తెల్ల కాగితపు ముక్కవుతుంది. జూమ్ చేసి కొంగనే నింపితే అదే మీటరు వెలుగు తగ్గించేస్తుంది. కొంగ మాసిన పంచెలా అవుతుంది, గేదె కన్నూ కొమ్మూ తెలియని నల్లముద్ద. ఒకే చోట, ఒకే నిమిషంలో, ఒకే మీటరు రెండు జవాబులు చెప్పింది, రెండూ తప్పే. రెండింటి మీదా పడుతున్న ఎండ మాత్రం ఒక్కటే కదా! ఆ ఎండను బట్టి ఎఫ్ 16, 1/125 పెట్టేస్తే నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా వస్తాయి. కొంగ ఈకలు ఇంకాస్త తేలాలంటే అర స్టాప్ తగ్గించుకోవచ్చు. పడే వెలుగు, తిరిగొచ్చే వెలుగు వేరువేరని తెలిసిన రోజున ఫొటోగ్రఫీలో సగం చదువు అయిపోయినట్టే. ఇందులో రీలు, సెన్సరు అనే భేదమే లేదు.

భేదం మొదలయ్యేది లెక్క తప్పినప్పుడు. నెగటివ్ ఫిల్మ్ వెలుగు ఎక్కువైతే ఓర్చుకుంటుంది. రెండు స్టాప్‌లు ఓవర్ అయినా ప్రింటు తీయవచ్చు, మరీ తెల్లగా ఉన్న చోట కూడా ఏదో ఒక వివరం మిగిలే ఉంటుంది. వెండి లవణాల మీద వెలుగు పెరిగేకొద్దీ నెగటివ్ నల్లబడే వేగం పైకొచ్చేసరికి మెల్లగా తగ్గుతుంది, టక్కున ఆగిపోదు. వెలుగు తక్కువైతే మాత్రం ఫిల్మ్ క్షమించదు. నీడలో ఏమీ నమోదు కాకపోతే ఆ చోట నెగటివ్ పారదర్శకంగా ఉండిపోతుంది, ఏ డెవలపరూ దాన్ని పుట్టించలేదు. డిజిటల్ దీనికి పూర్తిగా ఎదురు. సెన్సరులోని ఒక్కో పిక్సెల్ పట్టగలిగిన ఎలక్ట్రాన్లకు హద్దు ఉంది. హద్దు దాటితే మిగిలేది శుద్ధ తెలుపే, అందులోంచి తర్వాత ఏమీ తవ్వలేం. చీకట్లో పడినదాన్ని, కెమెరా దిద్దకుండా దాచిన రా ఫైలులోంచి, కాస్త గరుకుదనం వచ్చినా సరే, పైకి లాగవచ్చు. అందుకే నెగటివ్ వాడేవాళ్లు నీడలను చూసి కొలుస్తారు, డిజిటల్ వాడేవాళ్లు మిలమిలలాడే చోటును చూసి కొలుస్తారు. ఈ ఒక్క ముక్క తెలియక ఒకదాని అలవాటును రెండోదానికి మోసుకెళ్లేవాళ్లే ఎక్కువ. అన్నట్టు, స్లైడ్ ఫిల్మ్ కూడా డిజిటల్ లాగే కఠినం, ఓవరైతే దిక్కులేదు.

అన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు అమెరికన్లు 1940 ప్రాంతంలో ఈ లెక్కనంతా జోన్ సిస్టమ్ పేరుతో ఒక క్రమంలో పెట్టారు. నిండు నలుపు నుంచి నిండు తెలుపు దాకా పదకొండు అంచెలు, సున్నా నుంచి పది వరకూ. మీటరు చూపించేది ఎప్పుడూ అయిదో అంచెనే. గేదె వీపు ఏ అంచెలో ఉండాలో, కొంగ రెక్క ఏ అంచెలో ఉండాలో తీసేవాడు నిర్ణయించుకుని మీటరును దాని ప్రకారం సరిదిద్దుకోవాలి. దీన్ని మతంలా పట్టుకుని టెస్టు చార్టులు తీయడంలోనే జీవితం గడిపేవాళ్లూ ఉన్నారు, అంత అక్కర్లేదు. ఆడమ్స్ రాసిన పుస్తకాల్లో నెగటివ్ గురించినది మాత్రం డిజిటల్ వాడేవాళ్లు కూడా ఒకసారి చదవాల్సిందే.

డిజిటల్‌లో తెలుపు పోవడం గురించి హెచ్చరించేవాళ్లు చాలామందే ఉన్నారు. రంగు పోవడం గురించి చెప్పేవాళ్లు తక్కువ. మన పెళ్లిళ్లలో అదే పెద్ద చిక్కు. ఎర్ర పట్టుచీర, బంతిపూల దండలు, పసుపు రాసిన ముఖం. వెనక తెర మీద హిస్టోగ్రామ్, అంటే వెలుగు లెక్కను చూపే గ్రాఫు, చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే చీర మీద జరీ బుటా కనిపించదు, బంతిపువ్వు రేకులన్నీ కలిసి ఒకే నారింజ ముద్దగా అయిపోయి ఉంటాయి. జరిగిందేమిటంటే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింట్లో ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోయింది. మూడింటినీ కలిపి చూపే గ్రాఫులో అది బయటపడలేదు. చాలా కెమెరాల్లో మూడు రంగులకూ విడివిడిగా గ్రాఫు చూపించే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆన్ చేసుకుని, ఎరుపు కుడిగోడకు అంటుకుంటే అర స్టాప్ తగ్గించి తీయాలి. జేపెగ్ కాకుండా రా తీయమని చెప్పేది కూడా ఇందుకే. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 అంచెలే. 14 బిట్ల రా ఫైలులో 16,384. సర్దుకోవడానికి చోటంతా అక్కడే ఉంటుంది.

రంగు విషయంలో ఫిల్ముకు తన చరిత్ర తనకుంది. మామూలు రంగుల రీలు పగటి వెలుగుకు తయారైనది. ట్యూబులైట్ల కింద ఫ్లాష్ లేకుండా తీస్తే ముఖాలు పాచిరంగుకు, పాత బల్బుల కింద తీస్తే నారింజకు తిరిగేవి. 1980ల నాటి పెళ్లి ఆల్బమ్ ఏది తెరిచినా ఈ రెండూ కనిపిస్తాయి. డిజిటల్‌లో వైట్ బ్యాలెన్స్ వచ్చాక ఆ బాధ తప్పింది. అంతకంటే లోతైన చిక్కు చామనఛాయది. ల్యాబుల్లో ప్రింటు రంగు సరిచూసుకోవడానికి కోడక్ పంపిన నమూనా కార్డు మీద దశాబ్దాల పాటు తెల్లజాతి అమ్మాయే ఉండేది. ‘షర్లీ కార్డు’ అనేవారు. ఆ చర్మానికి నప్పేలా సరిచేసిన రంగులు నల్లటివాళ్లకు, చామనఛాయవాళ్లకు నప్పకపోవడంలో వింతేముంది! ఇప్పుడా పనిని ఫోన్లలోని బ్యూటీ ఫిల్టర్లు మరోలా చేస్తున్నాయి, అడగకుండానే తెల్లబరుస్తున్నాయి. నేర్చుకునేవాళ్లు కెమెరా కొన్న మొదటి వారంలోనే ఇంట్లో అందరి ముఖాలనూ కిటికీ వెలుగులో తీసి, అసలు రంగుతో పోల్చి చూసుకోవడం మంచిది. పుస్తకాల్లో దొరకని పాఠం అది.

ఇప్పుడు రీలు పక్షం ప్రధాన వాదాన్ని చూద్దాం: ఫిల్మ్ క్రమశిక్షణ నేర్పుతుందని. ఇందులో సగమే నిజం. 1990ల్లో కోడక్ కేబీ 10 లాంటి కెమెరాలతో లక్షలాది ఇళ్లల్లో రీళ్లకు రీళ్లు తీశారు. వాళ్లలో ఎందరికి ఎక్స్‌పోజర్, అంటే ఈ వెలుగు లెక్క, అర్థమైంది? కాకపోవడానికి కారణముంది. రీలు కడిగించడానికి ఇస్తే కలర్ ల్యాబులోని యంత్రం ఓవరైనదాన్ని తగ్గించి, అండరైనదాన్ని పెంచి, రంగు సరిచేసి ప్రింట్లు వేసి ఇచ్చేది. తీసినవాడికి తన తప్పు కంటపడేదే కాదు. యంత్రం చేసే దిద్దుబాటును తప్పించుకోవడానికే శ్రద్ధగా నేర్చుకునేవాళ్లు స్లైడ్ ఫిల్మ్ వాడేవారు. స్లైడులో కెమెరా ఏం తీసిందో అదే తెర మీదికి వస్తుంది, మధ్యలో దిద్దేవాళ్లు ఉండరు. ఇవాళ రీలు తీసి స్కాన్ చేయించుకునేవాళ్ల పరిస్థితీ ల్యాబు ప్రింటు లాంటిదే. స్కానరు ముందు కూర్చున్నవాడు సరిచేసి పంపిన ఫైలును చూసి ‘ఫిల్మ్ లుక్’ అని మురిసిపోతున్నారు. ఆ లుక్‌లో వాళ్ల పాలెంతో, ఆపరేటరు పాలెంతో వాళ్లకే తెలియదు. నెగటివ్‌నే లైటు మీద పెట్టి చూడటం అలవాటైతే తప్ప రీలు ఏమీ నేర్పదు.

జాప్యం మరో ఇబ్బంది. రీలు అయ్యేసరికి వారాలు, కడిగి వచ్చేసరికి ఇంకొన్ని రోజులు. పదిహేడో ఫొటో ఎందుకు పాడైందో తెలుసుకోవాలంటే ఏ ఎపర్చర్‌లో, ఏ వేగంలో తీశామో గుర్తుండాలి. చిన్న నోటుబుక్కులో ప్రతి ఫ్రేముకూ రాసుకుంటేనే ఆ తప్పు పాఠమవుతుంది, లేకపోతే ఉత్త నష్టం. డిజిటల్ ఫైలు ఇవన్నీ తనలోనే రాసిపెట్టుకుంటుంది. అడిగితే చెబుతుంది, కాకపోతే అడిగేవాళ్లే తక్కువ. డిజిటల్‌లో తొందరగా నేర్చుకోగలం అనే మాట అక్షరాలా నిజం, తెర మీద బొమ్మ చూసి మురిసి వదిలేయకుండా అంకెలు కూడా చూసేవాళ్లకు.

ఖర్చు సంగతి దాచాల్సిన పనిలేదు. ఒకప్పుడు ఊటీలోని ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు-తెలుపు ఫిల్మ్, పేపరు తయారుచేసేది. అది మూతపడింది. ఇప్పుడు దొరికే పేరున్న రీళ్లన్నీ దిగుమతివే. రంగుల రీలు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ, కడగడానికి, స్కానుకు మరికొన్ని వందలు. లెక్క కడితే నొక్కుకు నలభై రూపాయలు పైమాటే. గేదె-కొంగ పాఠాన్ని నాలుగు రకాలుగా తీసి చూడాలన్నా చేయి వెనకాడుతుంది. తప్పులు చేయడానికి భయపడే చోట చదువు సాగదు. ఆలోచించి తీయడం అనేది తప్పులు చేసి ఉన్నవాడికి పనికొచ్చే గుణం. మొదటి నెలలో ఉన్నవాడికి ఆలోచించడానికి ఏముంటుంది?

అయినా రీలుకు తనదైన పాఠం ఒకటుంది. అది కెమెరాలో కాదు, డార్క్ రూములో ఉంది. నలుపు-తెలుపు ఫిల్మ్‌ను ఇంట్లో కడగడం అనుకున్నంత కష్టం కాదు. పూర్తి చీకట్లోనో, చేతులు దూర్చే నల్ల సంచిలోనో రీలును చుట్టకెక్కించి ట్యాంకులో పెట్టి మూత బిగిస్తే, ఆపైన పనంతా వెలుగులోనే. సినిమాల్లో చూపించే ఎర్ర బల్బు ప్రింటు పేపరుకు మాత్రమే పనికొస్తుంది. మామూలు ఫిల్మ్‌ను ఆ వెలుగులో విప్పితే మొత్తం పోతుంది. 1927 నుంచి వాడుకలో ఉన్న డీ-76 లాంటి డెవలపరు, దాని పనిని ఆపే స్టాప్ బాత్, ఆపైన హైపో, చివర నీళ్లు. హైపో వెండి లవణాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. మనవాళ్లకు ఎదురయ్యే అసలు చిక్కు వేడి. పట్టికల్లో సమయాలన్నీ 20 డిగ్రీలకు రాసి ఉంటాయి. విజయవాడలో మే నెల కుళాయి నీళ్లు ఎక్కడ, 20 డిగ్రీలు ఎక్కడ! వేడి పెరిగేకొద్దీ డెవలపరు తొందరపడుతుంది, సమయం అయిదు నిమిషాల లోపుకు పడిపోతే ఫిల్మ్ మీద మచ్చలు మచ్చలుగా తేడా వస్తుంది. సీసాలను ఐసుముక్కలు వేసిన టబ్బులో నిలబెట్టి, థర్మామీటరు ముంచి, 20కి దిగాక పని మొదలుపెట్టాలి. కడిగే నీళ్లు కూడా మరీ వేడిగా ఉండకూడదు. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది కాబట్టి దాన్ని కాలవలో పారబోయకూడదు. ఇంత అయ్యాక, తడి నెగటివ్‌ను క్లిప్పుకు తగిలించి వెలుగుకు ఎదురుగా చూసినప్పుడు నీడ ఎక్కడ పోయిందో, వెలుగు ఎక్కడ పేరుకుందో కంటికి కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్‌కు ఆకారం ఉన్నట్టు తెలిసేది అప్పుడే. తెర మీద గ్రాఫు ఎంత చూసినా ఆ అవగాహన రాదు.

ఫోను పక్షాన్ని కొట్టిపారేయకూడదు. ఫ్రేములో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, వెలుగు ఏ వైపు నుంచి వస్తే ముఖం బాగుంటుంది అనేవి ఫోనుతోనే బ్రహ్మాండంగా నేర్చుకోవచ్చు. కానీ ఎక్స్‌పోజర్ నేర్చుకోవడానికి అది పనికిరాదు. మనం ఒకసారి నొక్కితే అది వరసగా చాలా ఫ్రేములు తీసి, చీకటి ఉన్న చోట ఒకదాన్నీ వెలుగు ఉన్న చోట మరోదాన్నీ కలిపి అతికిస్తుంది. చాలా ఫోన్ల లెన్సుల్లో ఎపర్చర్ మారదు. పోర్‌ట్రెయిట్ మోడులో వెనక కనిపించే మసక లెక్కలు కట్టి వేసినది. జడలో మల్లెపూల అంచుల దగ్గర, చెవి జుంకాల సందుల్లో పరీక్షగా చూడండి, కత్తెర తప్పిన చోట్లు దొరుకుతాయి. పాత కలర్ ల్యాబు యంత్రం చేసిన పనినే ఫోను ఇంకా తొందరగా, ఇంకా తెలివిగా చేస్తోంది. తప్పు కనిపించనివ్వదు.

ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నది మిగిలిన ప్రశ్న. తెలుగు ఊళ్లల్లో ఫొటోగ్రాఫర్లయినవాళ్లలో నూటికి తొంభైమంది బడికి వెళ్లి నేర్చుకోలేదు. స్టూడియోలో అసిస్టెంటుగా చేరి, పెళ్లిళ్లలో లైటు పట్టుకుని, డార్క్ రూములో డిష్‌లు కడిగి, నెగటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి నేర్చుకున్నారు. ఆ పద్ధతిలో చేతికి పని వస్తుంది, ‘ఎందుకు’ అనేది మాత్రం చాలాసార్లు మిగిలిపోతుంది. పద్ధతిగా చదవాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. యూట్యూబులో పాఠాలకు కొదవ లేదు, కాకపోతే అందులో సగం పాఠాల పేరుతో జరిగే కెమెరాల అమ్మకం. నన్నడిగితే వీటన్నిటితోపాటు పాత నలుపు-తెలుపు సినిమాలు కూడా పాఠ్యపుస్తకాలే. 1957 నాటి మాయాబజార్‌లో మార్కస్ బార్ట్లీ కెమెరా పనిని, అందులోనూ నౌకావిహారపు వెన్నెలను, శబ్దం ఆపేసి చూడండి. ముఖం మీద వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీడను ఎంత లోతుగా వదిలాడు, నీళ్ల మీద మెరుపు ఏ అంచెలో ఉంచాడు అని గమనిస్తూ పోతే చాలా పుస్తకాల పెట్టు.

దాచుకోవడం గురించి ఒక మాట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన గాజుపలకల నెగటివ్‌లు వేల సంఖ్యలో నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి, వాటి నుంచి ఇప్పటికీ ప్రింట్లు తీయవచ్చు. పదేళ్ల కిందటి ఫోనులోని మన ఫొటోలు ఎక్కడున్నాయో చెప్పగలిగేవాళ్లు ఎందరు? ఈ విషయంలో రీలుదే పైచేయి. రంగుల ప్రింట్లు వెలిసిపోతాయన్నది నిజమే గానీ, సరిగా కడిగి దాచిన నలుపు-తెలుపు నెగటివ్ మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. డిజిటల్ వాడేవాళ్లు కనీసం రెండు వేరువేరు చోట్ల కాపీలు పెట్టుకోవాలి, ఏడాదికోసారైనా నచ్చినవాటిని కాగితం మీదికి దించాలి.

నా తీర్పు ఇది. మొదలుపెట్టేది డిజిటల్‌తోనే. పాత మోడలైనా పరవాలేదు, ఎపర్చర్, షట్టరు చేత్తో మార్చుకునే వీలుంటే చాలు. జూమ్ కాకుండా ఒకే ఫోకల్ దూరం ఉన్న లెన్సు, 35 గానీ 50 గానీ. ఆటో తీసేసి మాన్యువల్‌లో, రా ఫైలులో, కనీసం ఆరునెలలు. మీటరు చూడకుండా వెలుగును ఊహించి సెట్ చేసి, ఆ తర్వాత తెర చూసి ఎంత తప్పామో లెక్క వేసుకోవాలి. ఆ తప్పు ఒక స్టాప్ లోపుకు వచ్చాక రీలు కొనండి. రంగులది కాదు, నలుపు-తెలుపు, ఐఎస్‌ఓ 400. కడగడం కూడా మీరే చేయండి, ల్యాబుకిచ్చేదైతే ఆ డబ్బుతో బయటికెళ్లి ఇంకో వంద డిజిటల్ ఫొటోలు తీసుకోవడం మేలు. ఫిల్మ్‌తోనే మొదలుపెట్టి గొప్పవాళ్లయినవాళ్లను ఉదాహరణగా చూపిస్తారు. వాళ్ల కాలంలో ఇంకో దారి లేదు.

సెకండ్ హ్యాండ్ ఫిల్మ్ కెమెరా కొనేవాళ్లు 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కే-1000 లాంటి, బ్యాటరీ లేకపోయినా షట్టరు పనిచేసే మోడల్ చూసుకోండి. షట్టరును ఒక సెకను దగ్గర, అర సెకను దగ్గర పెట్టి నొక్కి చెవితో వినండి, నిదానపు వేగాలే ముందు చెడతాయి. వెనక తలుపు అంచుల్లో నల్లటి నురగ పట్టీ జిగటగా అయిందేమో వేలితో తాకి చూడండి. అయితే ఆ పట్టీ మార్చుకోవడం చిన్న పనే. లెన్సును మాత్రం ఎపర్చర్ పూర్తిగా తెరిచి వెలుగుకు ఎత్తిపట్టి వెనక నుంచి చూడాలి. మన కోస్తా తేమకు లెన్సుల్లో బూజు పట్టడం మామూలే. అద్దం లోపల సాలెగూడు లాంటి తీగలు కనిపిస్తే, అమ్మేవాడు ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.